నిదానం తరఫున నేను మాట్లాడిన రోజు

టైపు, షార్ట్‌హ్యాండు, పద్దులు రాయడం వచ్చినవాడు ఆ రోజుల్లో మా అమలాపురంలో సగం దొర కింద లెక్క. మిగతా సగం ఉద్యోగం దొరికాక పూర్తవుతుందనుకునేవాళ్ళం. ఈ విద్యలన్నీ మా మాస్టారు తన పెంకుటింటి వసారాలో నేర్పేవారు. బయట మాత్రం 'కమర్షియల్ ఇన్‌స్టిట్యూట్' అని పెద్ద బోర్డుండేది. మద్రాసులో ట్రాముల మోత మధ్య పెరిగి, నాన్న పోయాక మావయ్యగారింటికి వచ్చిపడ్డ నాకు మొదట్లో ఆ బోర్డు చూస్తే నవ్వొచ్చేది. తర్వాత నాకు అన్నం పెట్టింది ఆ బోర్డే.

ఏటా దసరాల్లో ఆయుధపూజ రోజున పాత విద్యార్థులందరూ ఎక్కడున్నా రావాలని మాస్టారి ఆజ్ఞ. టైపు మిషన్లకి కుంకుమబొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టాక, ఒక్కొక్కడూ తాను నేర్చుకున్న మిషను మీద చెయ్యి వేసి నిలబడి, ఎక్కడ పనిచేస్తున్నాడో, పెళ్ళయిందో లేదో, పిల్లలెందరో అందరికీ వినపడేలా చెప్పాలి. మిషను మీద చెయ్యి వేసినవాడు అబద్ధం ఆడలేడని ఆయన నమ్మకం. (మామూలు గుమాస్తాలు హెడ్డు గుమాస్తాలయ్యేది సరిగ్గా అక్కడే.) వసారాలో ఆఖరి బెంచీ మాత్రం మాది కాదు. పెళ్ళీడు ఆడపిల్లల తండ్రులు ముమ్మిడివరం నుంచీ కొత్తపేట నుంచీ వచ్చి, కండువాలు సర్దుకుని, మొహంలో ఏ భావమూ లేకుండా అక్కడ కూర్చునేవారు. సంతకొచ్చిన గేదెల్లా మమ్మల్ని చూస్తున్నారని నాకు ఒళ్ళు మండేది.

అప్పటికి నేనూ నిదానమూ అంబాజీపేటలో ఒక కొబ్బరి మండీలో పనిచేస్తున్నాం. నిదానం అంటే నా స్నేహితుడు. నత్తి ఉండటంతో మాస్టారే ముద్దుగా ఆ పేరు పెట్టారు. మిషను మీద అతని వేళ్ళు వానలా కురిసేవి. నోట్లో మాట మాత్రం గుమ్మం దాకా వచ్చి, చెప్పులు వెతుక్కుంటున్నట్టు ఆగిపోయేది. అందుకని కాగితాలు అతనివి, ఫోను నాది. పొద్దున్నుంచీ సాయంత్రందాకా అది నా చేతికే అతుక్కుని ఉండటం చూసి షావుకారు నన్ను 'ఫోనుబాబూ' అని పిలిచేవారు. లైను కలవకపోతే ఆపరేటరు మీద, కలిస్తే అవతలివాడి మీద అరిచేవాణ్ణి. ఎత్తగానే అవతల మాట వినపడకపోతే ఠక్కున పెట్టేసేవాణ్ణి. నిదానంతోనూ అంతే. అతను "ఆ..." అనగానే "ఆకలేస్తోందా, పద" అనేవాణ్ణి. పాపం చెప్పబోయింది ఆదివారం సంగతి. అయినా సరేలే అన్నట్టు నా వెంట భోజనానికి లేచేవాడు.

ఆ ఏడు దసరాకి అమలాపురం వెళ్తూంటే బస్సులో నా మోచెయ్యి పట్టుకున్నాడు. (అతను ఆగిన చోటల్లా నేను ఆగి రాస్తే ఈ కథ తెల్లారదు. ఆ సంభాషణ పూర్తయ్యేసరికి బస్సు రెండు వంతెనలు దాటింది.)

"ఒరేయ్, ఇవాళ నా గురించి నువ్వు చెప్పరా."

"ఏం, నీకేమొచ్చింది?"

"కొత్తపేట బాబాయిగారొస్తారు. వాళ్ళమ్మాయిని మా అత్తయ్యగారింట్లో చూశాను. మాట్లాడేను కూడా."

"నువ్వా!"

"ఆ అమ్మాయి మధ్యలో అందుకోలేదురా."

"ఏం అందుకోలేదు? మంచినీళ్ళ గ్లాసా?" అన్నాను. నిదానం కిటికీలోంచి కాలవ వైపు చూస్తూ కూర్చున్నాడు.

అందరూ అలా పిలవడమే తప్ప మాకెవరికీ చుట్టం కాని కొత్తపేట బాబాయిగారు ఆఖరి బెంచీలో గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, దాని పిడి మీద గడ్డం ఆనించి వింటున్నారు. మావాళ్ళలో ఒకడు రామచంద్రపురం రైసుమిల్లు తనవల్లే తిరుగుతోందన్నాడు. ఇంకొకడు మూడో కొడుకు పుట్టిన సంగతి చెబుతూ, తనకి ప్రమోషను వచ్చినంత గర్వపడ్డాడు. మా వంతు వచ్చింది. మిషను మీద చెయ్యి నిదానంది, గొంతు నాది. అతని వేగం గురించి చెప్పాను. షావుకారు ఊరెళ్తే తాళాలు అతనికే ఇస్తారని చెప్పాను. తల్లిని ఎంత బాగా చూసుకుంటాడో చెప్పాను. ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. చివర్లో మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. నా ప్రతిభకి నేనే మురిసిపోయాను.

కాఫీల దగ్గర బాబాయిగారు గొడుగు ఊపుకుంటూ తిన్నగా నా దగ్గరికొచ్చేరు.

"ఆయ్, ఎంత చక్కగా మాట్లాడేవయ్యా! మీ మావయ్యగారిని నేనెరుగుదును. నీకేమన్నా సంబంధాలు చూస్తున్నారా?"

"నాకెందుకండీ? నేను చెప్పింది అతని గురించి."

"అది సరేనయ్యా. ఆ అబ్బాయి నోరే విప్పలేదు కదా. ఇంట్లో ఒక్కడైనా మాటకారి ఉండాలి."

అంతే. నాకు తిక్క రేగింది. "మీకు అల్లుడు కావాలా, హరికథలు చెప్పేవాడు కావాలా అండీ?" అని అరిచాను. "నా నోరు చూసి పిల్లనిస్తారా? ఈ నోటితో మా షావుకారితో పోట్లాడి ఇప్పటికే ఉద్యోగం వదిలేసి మళ్ళీ చేరేను! ఫోను విసిరికొట్టి పగలగొట్టేను! మా మావయ్యని అడగండి, నాతో ఒక్కపూట పడతాడేమో!" ఉప్మా పొట్లాలు విప్పుతున్నవాళ్ళు విప్పుతున్నట్టే ఆగిపోయారు. బాబాయిగారు ఒకడుగు వెనక్కి వేశారు. అప్పటికి గానీ నేను చేసింది నాకు తెలియలేదు. నా సంబంధం పోతే పోయింది, వీడిది కూడా తగలబెట్టేశాను.

అప్పుడొచ్చాడు నిదానం. వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడి, "నే... నే..." అన్నాడు. అలవాటు కొద్దీ నేను నోరు తెరిచాను. నా వైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తి ఆపాడు. అంతవరకూ అతను నన్ను ఏనాడూ ఆపలేదు. "నీళ్ళు కావాలా బాబూ?" అన్నారు బాబాయిగారు. నిదానం తల అడ్డంగా ఊపాడు. మెడనరాలు బిగిశాయి, నుదుట చెమట పట్టింది. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ఒక్క మాట కోసం అంతమంది అలా నిలబడిపోవడం నేనెక్కడా చూడలేదు.

"నేను... మీ అమ్మాయిగారిని... ఇమ్మని అడగడానికొచ్చేనండి."

బాబాయిగారు గొడుగు గోడకి ఆనించారు. తర్వాత మెల్లగా అన్నారు. "బయల్దేరేటప్పుడు మా అమ్మాయి ఒక్కటే చెప్పిందయ్యా. 'ఆయన చెప్పేది ఆఖరిదాకా విను నాన్నా' అంది. వసారాలో అంతసేపూ నువ్వు మొదలెడతావేమోనని చూశాను. నువ్వు నోరు విప్పకపోయేసరికే ఇతన్ని అడిగాను." ఆ అమ్మాయి మధ్యలో అందుకోనిది మంచినీళ్ళ గ్లాసు కాదు, వీడి మాట అని అప్పటికి నాకు అర్థమైంది. చేతిలో కాఫీ చల్లారిపోయింది.

పెళ్ళయ్యాక నిదానం కొత్తపేట వెళ్ళి అక్కడే పనిలో చేరాడు. పెళ్ళయిన మర్నాడు భోజనాల దగ్గర ఆ అమ్మాయి వడ్డిస్తూ నన్ను చూసి, "మీరేనా అండీ, మా నాన్నగారిని హరికథ అడిగింది?" అని నవ్వితే, నాకు ఒక్క క్షణం నా నోరు పోగొట్టిన ఆ సంబంధం మీద కొంచెం బెంగ కలిగిన మాట నిజం. (ఇన్నేళ్ళయింది కనక చెబుతున్నాను.)

మరుసటి ఏడు, దసరా ఇంకా రాకముందే, ఒక మధ్యాహ్నం మండీలో ఫోను మోగింది. ఎత్తాను. "ట్రంకు కాల్, మాట్లాడండి" అని ఆపరేటరు అన్న తర్వాత అవతల ఏమీ లేదు. "ఎవరూ?" అని అరిచాను. ఏమీ లేదు. పెట్టేయబోయాను. అంతలో గాలి పీలుస్తున్న చప్పుడు వినిపించింది. ఆ ఊపిరి నాకు తెలుసు. జన్మలో ఫోను ముట్టనివాడు, నన్ను వెతుక్కుంటూ ఫోను చేశాడు.

రిసీవరు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. షావుకారు "ఎవరూ, బేరమా?" అంటే కసిరాను. "ఆ..." అంది ఫోను. ఆకలా, ఆదివారమా అని నా నాలుక ఎన్నో వైపులు పరుగెత్తింది. పళ్ళు బిగించి ఊరుకున్నాను.

"ఆ... ఆడపిల్లరా."

అని, ఇంకేదో మొదలెట్టబోతుంటే మూడు నిమిషాల గడువైపోయి లైను పోయింది. ఆ మిగతా మాట ఆయుధపూజనాడు వసారాలో, మిషను మీద చెయ్యి వేసి, తనే చెప్పాడు. ఎవ్వరం అందుకోలేదు.

నా కోపం ఇంకా అలాగే ఉంది, మా ఆవిణ్ణి అడగండి. కానీ ఫోను ఎత్తినప్పుడు అవతల ఎవరూ పలకకపోతే మాత్రం ఇప్పటికీ వెంటనే పెట్టేయను. మా ఆవిడ, "రాంగు నంబరేమో, పెట్టెయ్యండీ" అంటుంది. "ఉండవే, ఎవరో చెప్పబోతున్నారు" అంటాను.