ఇరవై ఒకటో ప్లాటు

1956 మే నెల. భీమడోలుకు దక్షిణాన, కొల్లేటి అంచున ఉన్న ఒక పంచాయతీ ఆఫీసులో నేను గుమస్తాను. ఉద్యోగంలో చేరి అప్పటికి పద్నాలుగు నెలలు. పుట్టి పెరిగింది తాడేపల్లిగూడెంలో. కొల్లేరును అంతకుముందు చూసి ఎరగను.

సెంటు భూమి కూడా లేని ఇరవై నాలుగు కుటుంబాలకు, కూరగాయలు పండించుకోవడానికి పోరంబోకు పంచాలని ఆ ఏడు పంచాయతీ తీర్మానించింది. పోరంబోకు అంటే ఎవరి పట్టాలోనూ లేని ప్రభుత్వ భూమి. సర్వేయరు చైను పట్టించాడు, నేను దగ్గరుండి రాసుకున్నాను. చైను అంటే అరవై ఆరు అడుగుల ఇనుప గొలుసు, దానికి వంద లింకులు. ఒక చైను వెడల్పున, పన్నెండు చైన్ల పొడవున ఆ నేల కొల్లేటి వైపు దిగుతుంది. మొత్తం నూట ఇరవై సెంట్లు. కుటుంబానికి ఐదు సెంట్లు, అంటే యాభై లింకుల చొప్పున, పైనుంచి కిందికి నంబర్లేసి రాళ్ళు పాతాం.

చీటీలు తీస్తే పోలమ్మకు ఇరవై ఒకటో ప్లాటు వచ్చింది. ఆమె భర్తకు చెయ్యి విరిగి సరిగా అతకలేదు, వల విసరలేడు. కూరగాయలు పండించి భీమడోలు స్టేషను దగ్గర అమ్ముకుంటే ఇల్లు గడుస్తుందని ఆమె ఆశ. ప్లాటు చూపించడానికి తీసుకెళ్తే, రాయి పక్కన నిలబడి నవ్వింది.

"ఏవండీ గుమస్తాగారూ, ఇక్కడ వంగనారు పాతమంటారా, వల కట్టమంటారా?"

నాకు కోపం వచ్చింది. "కొలతలో ఒక్క లింకు తేడా లేదు పోలమ్మా."

"కొలతకేం గానీండి, వానాకాలంలో మా ఆయన దోనె కట్టేది ఇక్కడేనండి." కాలివేలితో మట్టి గీకింది. కింద తెల్లగా నత్తగుల్లలు. "ఇయ్యేమన్నా ఊళ్ళోంచి నడిచొచ్చాయాండి?"

ఆ గుల్లల వెంట పైకి నడిచాను. పద్దెనిమిదో ప్లాటు మొదట్లో అవి ఆగిపోయాయి. అంటే వానాకాలంలో కింది ఏడు ప్లాట్లూ కొల్లేరువే. 'సాగుకు యోగ్యం' అని లిస్టు మీద సంతకం నాది. నీళ్ళు వెనక్కి తగ్గిన మండువేసవిలో కొలిచి, కొల్లేరు ఎప్పుడూ అంత దూరంలోనే ఉంటుందనుకున్నాను.

ప్రెసిడెంటుగారికి చెప్పాను, మునగని నేలనే అందరికీ మళ్ళీ పంచాలన్నాను. "చీటీలు తీశాక ఇంకేముందమ్మాయ్? ఎవరి అదృష్టం వాళ్ళది," అన్నారు.

మూడో ప్లాటు వచ్చిన సూరయ్య అక్కడే ఉన్నాడు. "నా దాంట్లోంచి గుప్పెడు మట్టి ఇవ్వనండి. బెండగింజలు కూడా నానబెట్టేశాను."

"పట్టాలు రాసేది నేనేనండి. నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చూసేదాకా రాయను," అన్నాను.

"రాకపోతే?" అన్నారు ప్రెసిడెంటుగారు.

"పని ఆలస్యానికి కారణం నేనని ఫైల్లో రాయండి. కింద సంతకం పెడతాను."

ఆయన భాద్రపదం వెళ్ళేదాకా గడువిచ్చారు.

వానలు ఆలస్యమయ్యాయి. సూరయ్య రోజూ ఆఫీసు గుమ్మంలో ఆగేవాడు. "గుమస్తాగారూ, కొల్లేటికి మీ నోటీసు అందలేదేమోనండి!" నేను తలెత్తేదాన్ని కాదు. పోలమ్మ మాత్రం, "వస్తాదండి, తొందరపడకండి," అనేది.

భాద్రపదం రెండోవారంలో కొల్లేరు వచ్చింది. ఏడు ప్లాట్ల రాళ్ళూ మునిగాయి. ప్రెసిడెంటుగారు, సూరయ్య, నేను ఒడ్డున నిలబడ్డాం. పోలమ్మ తన ప్లాటులోకి దోనె మీద వెళ్ళి గడ దించి చూపించింది. నడుంలోతు.

మిగిలింది ఎనిమిదిన్నర చైన్లు, ఎనిమిది వందల యాభై లింకులు. లెక్క అక్కడే కట్టాను. ఇంటికి ముప్ఫై ఐదు లింకులు, అంటే మూడున్నర సెంట్లు. మిగిలిన పది లింకులు నడవడానికి దారి.

"నాకు సెంటున్నర పోయిందండి," అన్నాడు సూరయ్య.

"నీకు సెంటున్నరే పోయింది బాబూ. నాకు అయిదూ పోయేవి," అంది పోలమ్మ దోనెలోంచి.

ప్రెసిడెంటుగారు మళ్ళీ చీటీలు వేయించారు. పోలమ్మకు తొమ్మిదో ప్లాటు వచ్చింది. మాఘంలో భీమడోలు స్టేషను బయట ఆమె గంపలో వంకాయలు చూశాను.

కొలత సరిగ్గా ఉన్నా, కొలిచిన రోజు తప్పు కావచ్చునని ఆ ఏడు నేర్చుకున్నాను. ఆ కొత్త లిస్టు మొదలుకొని నా చేతిమీదుగా జరిగిన ప్రతి భూపంపిణీ కాగితంలోనూ సర్వేయరు సంతకం కింద నేనే స్కేలు పెట్టి ఒక గడి గీసేదాన్ని. 'ఈ నేలను వానాకాలంలో చూసినవారు' అని దానికి పేరు. అలాంటి మొదటి గడిలో ఉన్నది పోలమ్మ వేలిముద్ర.