దారం అందేదాకా

మొన్న మంగళవారం పొద్దున మా బయాలజీ మేడం పోయారు. ఆమె నాందేడులో ఏళ్ల తరబడి చదువు చెప్పిన జూనియర్ కాలేజీవాళ్లు మర్నాడే సంతాప సభ పెట్టారు. ప్రిన్సిపాల్ ఆమెను "మా ల్యాబుకు ప్రాణం" అన్నాడు. పాత విద్యార్థుల వరుసలోంచి నేను లేచి నిలబడ్డాను.

"సర్, మరి ల్యాబ్ తాళం చావి మేడం దగ్గర్నుంచి ఎందుకు గుంజుకున్నరు?"

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ, కూర్చో" అన్నాడు మరాఠీలో. కూర్చోలేదు. ఇవ్వాళ ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను.

మేడంది ధర్మాబాద్ వైపు తెలుగు ఇల్లు. ఉల్లిగడ్డ వేరు కొసను రంగులో వెచ్చబెట్టి, గాజుపలక మీద బొటనవేలితో అదిమించేవారు. "నిమ్మళంగ ఒత్తు, జొన్నరొట్టె కాదది" అనేవారు. మైక్రోస్కోపులో చీలబోతున్న కణం కనిపించేది. క్రోమోజోములను పట్టి లాగే, మాకు కనిపించని దారాలను మాత్రం బోర్డు మీద గీసేవారు. "గివి పెరుగుతయి, కుంచుకపోతయి, మల్ల పెరుగుతయి. క్రోమోజోములను ఎతుక్కుంటయి. ఒక్కదానికి దారం అందకపోయినా కణం ఆగుతది, చీలది."

మేం చదివే ఆ ఏడే కాలేజీలో ఎంట్రన్సు కోచింగ్ మొదలైంది. మార్కులు తక్కువొచ్చిన మమ్మల్ని చివరి బ్యాచులో వేశారు. మాకు ప్రాక్టికల్స్ దండగన్నారు. ప్రిన్సిపాల్ మా ముందే వచ్చి, సిలబస్ వెనకబడిందంటూ చావి అడిగాడు. మేడం ఇచ్చేశారు. ఆయన వెళ్లాక మావైపు తిరిగి, "కణానికున్న ఓపిక గూడ లేదు వీళ్లకు. సగం మందికి అందకముందే సిలబస్ అయిందంటరు" అన్నారు.

మర్నాడు సొంత మైక్రోస్కోపు తెచ్చి వరండాలో పెట్టారు. దాని అద్దాన్ని ఎండకు తిప్పి మా అందరికీ చూపించారు. అందుకు ఆమెకు మెమో ఇచ్చారు. నేనిప్పుడు ఆసుపత్రి ల్యాబులో పని చేస్తున్నానంటే ఆ వరండా వల్లే. ఆ మెమో ఇచ్చినవాళ్లే నిన్న ఆమె ఫొటోకు దండ వేశారు.

పోయిన నెల మేడంను చూడ్డానికి క్యాన్సర్ వార్డుకు వెళ్లాను. కీమో మందు సీసా మారుస్తున్న నర్సమ్మను ఆమె అడుగుతున్నారు: "ఈ మందు ఏం జేస్తదో తెలుసా బిడ్డా?"

"తెల్వది మేడం. నేను మీ కాలేజీలనే సదివిన, మీరు రిటైరైనంక. మాకు ల్యాబ్ తియ్యనే లేదు."

మేడం దుప్పటి మడతలు సర్దారు. తర్వాత, "కణంల క్రోమోజోములను గుంజే దారాలుంటయి. ఈ మందు వాటిని మల్ల కుంచుకపోనియ్యది. గడ్డల కణం చీలలేక ఆగిపోతది. ఇటు సూడు" అన్నారు. సూది లేని చేతి వేలితో దుప్పటి మీద కణానికి రెండు కొసలు గుర్తుపెట్టి, ఒక్కొక్క గీతే మధ్యకు లాగుతున్నారు. నర్సమ్మ ట్రే పక్కన పెట్టి, మంచం అంచున కూర్చుని, ఆ వేలినే చూస్తోంది.