బందరులో రెండు రోజుల తిండి

దివిసీమలో మా ఊరివాళ్లెవరైనా బందరు వెళ్లాలంటే ముందు మా నాన్న దగ్గరికి వచ్చేవాళ్లు. కోర్టు పని ఉన్నవాడు ప్లీడరు గురించి అడగాలి, ఒంట్లో బాగాలేనివాడు డాక్టరు గురించి అడగాలి. వీళ్లు మాత్రం "మేస్టారూ, ఎక్కడ తినమంటారండీ?" అనేవాళ్లు. నాన్న హంసలదీవి దగ్గర ఎలిమెంటరీ స్కూలు మేస్టారు. ఆదివారం చర్చిలో వాక్యం కూడా చెప్పేవాడు. కానీ ఊళ్లో ఆయన పలుకుబడంతా బందరు తిండి మీదే నిలబడింది.

"బస్సు దిగ్గానే కనిపించే హోటల్లోకి దూరకండి, అది బస్సు తప్పిపోయినవాళ్ల కోసం పెట్టింది" అని మొదలెట్టేవాడు. "కోనేరు సెంటరు దాటి లోపలికి వెళ్తే పాక హోటలుంది. ఇడ్లీ ఏడున్నర లోపల తినాలి, ఆ తర్వాత అల్లం చట్నీలో నీళ్లు కలుస్తాయి. లడ్డు కొన్న రోజునే తినకండి, ఓ రాత్రి ఆగితే నెయ్యి లోపలికి పడుతుంది. టీకి ఇనగుదురుపేటలో సాయిబు గారి కొట్టుకి వెళ్లండి. సాయంత్రం నమాజు నుంచి వచ్చాక కొత్త పాలు పొయ్యి మీద పెడతాడు. అప్పటిదాకా ఆగలేనివాడు టీ తాగనక్కర్లేదు." ఇంత చెప్పి, ఎదుటి మనిషి నచ్చితేనే గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పేవాడు. గిలకలదిండి వెళ్లే దారిలో ఒకావిడ తన ఇంట్లోనే మెస్సు నడిపేది. అక్కడ చేపల పులుసు. ఆ అడ్రసు మాత్రం ఆయన అందరికీ ఇచ్చేవాడు కాదు.

ఏటా వేసవి సెలవుల్లో అమ్మని వెంటబెట్టుకుని రెండు రోజులు బందరు వెళ్లొచ్చేవాడు. తినడానికే. వేరే పని ఉండేది కాదు. "మీ నాన్నకి ఊరంటే వీధులు కాదురా, వంటిళ్లు" అనేది అమ్మ. అలా అంటూనే వెళ్లే ముందు రోజు చీర ఇస్త్రీ చేయించుకునేది.

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చిన రోజు నాన్న గుడివాడలో నా దగ్గరున్నాడు. కంటికి శుక్లం తీయించుకుని, పట్టీ కట్టుకుని కూర్చున్నాడు. కోళ్లని ఎవరు చూస్తారని అమ్మ ఊళ్లోనే ఉండిపోయింది. తర్వాత ఏమైందో నేను రాయను, అప్పట్లో పేపర్లవాళ్లు చాలా రాశారు. మా ఇల్లున్న చోట ఇసక మిగిలింది. పట్టీ కంటితోనే నాన్న పదకొండు రోజులు వెతికాడు, ఆయన వెనక నేను వెతికాను. అమ్మ దొరకలేదు.

అప్పట్నుంచీ ఆయన గుడివాడలో నాతోనే ఉన్నాడు. నాకప్పటికింకా పెళ్లి కాలేదు. రైసుమిల్లు ఆఫీసులో పని, ఒక్క గది, ఒక కిరసనాయిలు స్టవ్వు. ఇంటివాళ్లు గదిలో నీచు వండనివ్వరు కాబట్టి పప్పూ, కూరగాయలూ, మజ్జిగే మా వంట. శుక్లం తీసిన కంటికి చూపు సరిగ్గా రాలేదు, రెండోదీ మసకే. కంచంలో మిరపకాయ ఏదో వంకాయముక్క ఏదో ఆయనకి తెలిసేది కాదు. అందుకని రెండు పూటలా నేనే అన్నం కలిపి పెట్టేవాణ్ణి. పొద్దున కలిపి మూతపెట్టి ఆఫీసుకి వెళ్లేవాణ్ణి, రాత్రికి వచ్చి మళ్లీ కలిపేవాణ్ణి.

ఆయన తినేవాడు కాదు. రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని "చాల్లేరా" అనేవాడు. సాయంత్రం వచ్చేసరికి పొద్దుటి గిన్నె మూత తియ్యకుండా అలాగే ఉండేది. చొక్కా భుజాల మీంచి జారిపోయేంతగా చిక్కిపోయాడు. ఎండాకాలం అలా గడిచింది, వానలూ అలాగే గడిచాయి. అక్టోబరులో డాక్టరు గారు గుండె చూసి, ఊపిరితిత్తులు చూసి, నన్ను బయటికి పిలిచారు. "జబ్బేం లేదయ్యా. మనిషి తినడం మానేశాడు. ఇలాగే ఉంటే ఈ చలికాలం గడవడం కష్టం" అన్నారు.

నాకు కోపం ఎక్కువ. బాధ వచ్చినా అది కోపంగానే బయటికొస్తుంది, ఇప్పటికీ అంతే. ఆ రోజు ఇంటికొచ్చి ఆయన మీద కేకలేశాను. "అమ్మ పోయింది నీకొక్కడికేనా? నాకు పోలేదా? ఇంత కష్టపడి వండి కలిపి పెడుతుంటే నన్నెందుకిలా ఏడిపిస్తావు?" అన్నాను. ఆయన తలొంచుకుని ఇంకో ముద్ద బలవంతాన మింగాడు. ఆ ముద్ద దిగడం గొంతులో కనపడింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు తట్టింది బందరు. ఆయన దారిలోనే, ఆయన వేళల ప్రకారమే, రెండు రోజులు తిప్పుదామనుకున్నాను. అక్కడ కూడా తినకపోతే ఇక చేసేదేం లేదు. సెలవు పెట్టి, శనివారం పొద్దున మొదటి ప్యాసింజరు ఎక్కించాను. రమ్మంటే వచ్చాడు. ఎందుకని కూడా అడగలేదు.

పాక హోటలుకి ఏడున్నర లోపలే చేరాం. సర్వరు రెండు ఇడ్లీలు తెచ్చి ఆయన ముందు పెట్టాడు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. తిన్నాడు. రెండూ తిని, చట్నీ ఇంకొంచెం వెయ్యమన్నాడు. నేను గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఆ రోజంతా తిన్నాడు. పదకొండింటికి గోలీసోడా తాగి పెద్దగా త్రేన్చాడు. మధ్యాహ్నం పప్పుచారుతో భోజనం చేశాడు. సాయంత్రం ఇనగుదురుపేటలో పాలు పొంగేదాకా బెంచీ మీద కూర్చున్నాడు. సాయిబు గారు ఆయన్ని గుర్తుపట్టారు. "అమ్మగారు రాలేదా మేస్టారూ?" అని అడిగారు. నాన్న లేదన్నట్టు తలూపాడు. మాది దివిసీమని ఆయనకి తెలుసు కాబట్టి ఇంకేం అడగలేదు. టీ ఇచ్చి, పక్కన కాసేపు ఊరికే నిలబడ్డారు. నాన్న ఆ టీ చివరి చుక్క దాకా తాగాడు.

నాకు గర్వం తలకెక్కింది. చూశావా, మనిషికి కావాల్సింది చోటు మార్పు, డాక్టరుకేం తెలుసు అనుకున్నాను. మర్నాడు పొద్దున ఆయన్ని చర్చిలో కూర్చోబెట్టి, నేను గిలకలదిండి దారిలో మెస్సుకి వెళ్లాను. మధ్యాహ్నానికి చేపల పులుసు వండి ఉంచమని ఆవిడకి చెప్పొచ్చాను. నాన్నతో అనలేదు. కంచంలో చూసి మురిసిపోతాడనుకున్నాను.

ఉప్పెన తర్వాత దివిసీమలో చాలామంది చేప ముట్టడం మానేశారు. ఎందుకో ఒకళ్లకొకళ్లు చెప్పుకునే అవసరం లేకపోయింది. నేనూ మూణ్నాలుగు నెలలు మానేశాను. ఆ తర్వాత ఆఫీసువాళ్లతో మెస్సుకి వెళ్లినప్పుడు ఒకరోజు తిన్నాను, ఇక వారానికి మూడు రోజులు తినేవాణ్ణి. బందరు బజారులో చేపలు ఎప్పటిలాగే అమ్ముతున్నారు, కొంటున్నారు. నాన్న సంగతి నేనసలు ఆలోచించలేదు. గదిలో నీచు వండుకోము కదా, ఆయన మానేసిందీ లేందీ బయటపడే సందర్భమే రాలేదు.

మెస్సులో ఆవిడ ఆయన్ని చూసి చాలా సంతోషపడింది. పీట వేసి, ఆకు వేసి, అన్నం వడ్డించి, పులుసు గిన్నె తెచ్చింది. నాన్న కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. కళ్లు తెరిచేసరికి ఆకులో రెండు ముక్కలున్నాయి. ఆయనకి సరిగ్గా కనపడి ఉండదు, వాసన మాత్రం తెలిసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తీసెయ్యమ్మా" అన్నాడు.

"ఇది సముద్రం చేప కాదండీ మేస్టారూ. నాకు తెలీదా? కొల్లేరు కొరమీను. తెల్లారి గుడివాడ బండిలో వచ్చింది" అంది ఆవిడ.

"ఆ రోజు నీళ్లన్నీ ఒకటే అయిపోయాయి కదమ్మా" అన్నాడు నాన్న. మెల్లగానే అన్నాడు. "మావిడ ఎటు కొట్టుకుపోయిందో తెలిస్తే, ఏ నీళ్లలో చేప తినొచ్చో నాకూ తెలిసేది."

ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నేనక్కడ ఊరుకోవాల్సింది. రోజున్నర సంతోషం చేతుల్లోంచి జారిపోతుంటే తట్టుకోలేకపోయాను. "సంవత్సరం కావొస్తోంది నాన్నా. బందరంతా తింటోంది. అవనిగడ్డలో తింటున్నారు. నేనూ తింటున్నాను. ఏమైంది నాకు?" అన్నాను.

"నువ్వు తింటున్నావని తెలుసురా" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? రాత్రి అన్నం కలిపి పెడతావుగా. చేతికి ఆ వాసన ఉంటుంది. ఎంత సబ్బు పెట్టి కడిగినా ఉంటుంది." ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పాడు. "నువ్వు తినని రోజున కూడా ఉన్నట్టే అనిపించేది. పొద్దుటి గిన్నెలో కూడా అనిపించేది. నీ చేత్తో పెట్టింది నోట్లోకి పోయేది కాదు నాన్నా. ఎలా చెప్పను? చిన్నవాడివి, నువ్వు తినకూడదని ఎలా అంటాను?"

ఏడు నెలలుగా తినడం లేదని ఆయన మీద అరిచాను. తిననివ్వకుండా చేసింది నేను. పోనీలే పాపం అని అది కూడా నాకు చెప్పకుండా, నేను కలిపిన రెండు ముద్దలు నా కోసం మింగుతూ చావడానికి సిద్ధపడ్డాడు.

ఆవిడ ఆ ఆకు తీసేసింది. నీళ్లు చల్లి తుడిచి, కొత్త ఆకు వేసి, గోంగూర పప్పూ మజ్జిగా గరిటెతో వడ్డించింది. తనే పక్కన కూర్చుని ఏది ఎక్కడుందో చెప్పింది. నాన్న కడుపునిండా తిన్నాడు. రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. నా ఆకులో చేప ముక్కలు అలాగే ఉండిపోయాయి. "నువ్వు తినరా, నేనేమీ అనుకోను" అన్నాడు. నిజంగానే అన్నాడు, దెప్పిపొడుపు కాదు.

గుడివాడ తిరిగొచ్చాక చేప మానేశాను. జీవితాంతం మానేశానని రాస్తే బాగుండేది. ఆయన పోయిన కొన్నేళ్లకి మళ్లీ మొదలుపెట్టాను, ఇప్పుడూ తింటున్నాను. ఆయన ఉన్నన్నాళ్లూ మాత్రం తినలేదు. గిన్నెలు మార్చాను. గరిటెతో కలిపి చూశాను కానీ ఆయనే ఒప్పుకోలేదు, "చేత్తోనే కలపరా, గరిటె మనిషినా నేను" అన్నాడు. నేను మానేశానంటే నమ్మాడు. తినడం మొదలుపెట్టాడు. ఆ చలికాలం గడిచింది, ఇంకో రెండు చలికాలాలు గడిచాయి.

అయినా ప్రతి పూటా మొదటి ముద్ద నోటి దాకా వెళ్లి ఒక్క క్షణం ఆగేది. వాసన చూస్తున్నట్టు ఆయనకి కూడా తెలిసేది కాదనుకుంటాను. నేను మంచినీళ్లు తేవాలన్నట్టు లేచి అటు వెళ్లిపోయేవాణ్ణి, ఆయన తినడం మొదలుపెట్టాకే తిరిగొచ్చేవాణ్ణి.