ముందుకు జరిపేసిన ఏడు నిమిషాలు

మా ఇంట్లో టీవీ రిమోట్ ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది. ముద్దు సీను వస్తోందని నాకంటే ముందే నా బొటనవేలికి తెలిసిపోయేది. టక్కున ముందుకు జరిపేసేదాన్ని. ఆ కాసేపు మా ఆయన ఫోన్ చూసుకునేవారు, మా అమ్మాయి విసుక్కునేది.

కొన్నేళ్ళ క్రితం, ఇంగ్లండులో మేముండే రీడింగ్ అనే ఊళ్ళో, ఆదివారం అన్నాలయ్యాక ముగ్గురం ఒక ఇంగ్లీషు సీరియల్ చూసేవాళ్ళం. ఏదో పల్లెటూరు. గొర్రెలు, రాతిగోడలు, వదలని ముసురు. పొలం మధ్య మనిషెత్తు రాళ్ళు గుండ్రంగా నిలబడి ఉంటాయి. ఆ ఊళ్ళో పన్నెండేళ్ళ పిల్లకి ఆ రాళ్ళ మాటలు వినిపిస్తుంటాయి. కథ నాకు సగమే అర్థమయ్యేది. ఇన్నేళ్ళుగా ఈ దేశంలో ఉంటూ నేను సరిగ్గా చూసిన పల్లె అదొక్కటే.

అక్టోబరులో ఒక ఆదివారం మా అమ్మాయి తనే ఎపిసోడ్ పెట్టింది. దానికప్పుడు పదకొండేళ్ళు.

“నేను ఆల్రెడీ చూశా. డోంట్ స్కిప్ ఎనీథింగ్, అమ్మా,” అని నా భుజానికి ఆనుకుని కూర్చుంది.

సీరియల్లో ఆ పిల్ల పెద్దమనిషైంది. దుప్పటి మీద మరక చూసి బెదిరిపోయి తల్లిని పిలిచింది. తల్లి కూతురి చెయ్యి పట్టుకుని రాళ్ళ వైపు బయల్దేరింది. పక్కనే మా ఆయన. సిగ్గేసి రిమోట్ నొక్కేశాను. ఏడు నిమిషాలు ఎగిరిపోయాయి. ఆపేసరికి తల్లీకూతుళ్ళు ఇంట్లో టీ తాగుతున్నారు. మా అమ్మాయి లేచి, హోంవర్క్ ఉందంటూ మేడ మీదికి వెళ్ళిపోయింది.

నా సంగతీ చెప్పాలి. గుంటూరులో నేను పెద్దమనిషినైనప్పుడు మూలన చాప మీద కూర్చోబెట్టి, మైకు పెట్టించి, వీధి వీధంతటికీ భోజనాలు పెట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను. నా కూతురికి ఆ గతి పట్టకూడదని ఒట్టు పెట్టుకుని, అసలు దాని దగ్గర ఆ మాటే ఎత్తలేదు. అదేదో పెద్ద సంస్కరణ అనుకున్నాను, నా మొహం!

మరుసటి వేసవిలో కడుపునొప్పంటే క్లినిక్‌కి తీసుకెళ్ళాను. నెలసరి ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగారు. మొదలైందనే నాకు తెలియదు. మా అమ్మాయి నా వైపు చూడకుండా, “లాస్ట్ ఆటమ్,” అంది. అంటే పోయిన అక్టోబరు ప్రాంతం. అప్పటినుంచీ స్కూల్ నర్సు ఇచ్చిన ప్యాకెట్లతోనే నెట్టుకొస్తోందట.

“నాకెందుకు చెప్పలేదే?” అని బస్టాపులో అడిగాను.

“ఐ ట్రైడ్, అమ్మా. ఆ ఎపిసోడ్ పెట్టాను కదా.”

దాని గొంతులో కోపం కూడా లేదు. బస్సొస్తే ఎక్కాం. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే మండిపోతుంది.

ఇప్పుడది యూనివర్సిటీలో ఉంది. మొన్న ఒక్కదాన్నే కూర్చుని ఆ ఏడు నిమిషాలు చూశాను. ఆ పూట రాళ్ళేమీ మాట్లాడవు. వాటి నీడలో తల్లి కూతురి జడ విప్పి మళ్ళీ అల్లుతూ, మొదటిసారి తనకెంత భయమేసిందో చెబుతుంది. అంతే. చెప్పడానికి నాకూ చాప ఉంది, మైకు ఉంది, కావలసినంత భయం ఉంది. ఆ ఆదివారం పిల్ల కూడా నా భుజానికి ఆనుకునే కూర్చుంది.