ఒకే పలకరింపు

గల్ఫ్‌లో సీఫ్ అనే పేటలో మాల్ క్లీనింగ్ డ్యూటీ దిగి, నిలబడే ఓపిక లేక బస్టాపు బెంచీ మీద కూలబడ్డాను. ఇంటికి ఫోన్ చేసి, నా భార్యను ఎప్పటిలాగే "తిన్నవా? పిల్ల మంచిగున్నదా?" అని అడిగాను. ఫోన్ పెట్టేశాక, పక్కన కూర్చున్న పెద్దావిడ తెలుగులో పలకరించింది.

"రోజూ ఈ మాటతోనే మొదలెడతావా బాబూ?"

"అవునమ్మా. ఇంకేమడుగుత?"

కూతురింటికి వచ్చిన కోస్తా మనిషట. మెల్లగా చెప్పింది.

"బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు శత్రువుల వైర్‌లెస్ సంకేతాలు విప్పే పని చేశాను. మా ఆయన పోయేదాకా నేను టైపిస్టుననే అనుకున్నారు. అవతలి ఆపరేటరొకడు ఏ కబురైనా ఒకే సలాంతో మొదలుపెట్టేవాడు. అది పట్టుకునే మొత్తం విప్పేశాం."

"మనోళ్ళు గెలిచిన్రు గదమ్మా!"

"గెలిచాం. ఆ సలాం మాత్రం మళ్ళీ వినపడలేదు."

అద్లియా వైపు వెళ్ళే బస్సు రాగానే ఆవిడ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి, ఎక్కి వెళ్ళిపోయింది.

ఇప్పటికీ డ్యూటీ దిగి ఇంటికి ఫోన్ చేస్తాను. "తిన్నవా?" అని అడిగాక, అవతల నుంచి జవాబు వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉంటాను.