గ్వాటిద్జో కోటు తొడుక్కున్నవాడు

చెంజెరాయి నవ్వుకు జబ్బు అని పేరు పెట్టారు. పెట్టింది పట్నం నుంచి వచ్చిన రుతెండో. దిగులు కన్నవాళ్ల నుంచి పిల్లలకు దిగుతుందేమో తేల్చడానికి మురేవా పల్లెల్లో తిరుగుతూ, జనం ఉమ్మిని చిన్న సీసాల్లో పట్టే బృందంలో ఆమె ఒకతె. దిగువ ఊళ్లో గ్వాటిద్జో వంశంవాళ్ల చావింట చెంజెరాయిని చూసింది. చనిపోయిన ముసలాయన ప్యాంటు తొడుక్కుని, ఆయనలాగే దగ్గుతూ, గోతిలోకి దిగి పడుకున్నాడు. చోటు బాగుంది, మీరు వేరేది తవ్వుకోండి అంటున్నాడు. ఇతని మనసు దారి తప్పిందని ఆమె రాసి పంపింది. నెల తిరక్కుండా ఆసుపత్రి నుంచి మాత్రలొచ్చాయి.

అతను గ్వాటిద్జో వంశానికి సావీరా. వాళ్లింట చావొస్తే పోయినవాళ్ల బట్టలు తొడుక్కుని ఏడ్చేవాళ్లను నవ్వించాల్సిన తరతరాల స్నేహితుడు. ఆ పని తండ్రి నుంచి వచ్చింది. తెల్లవారుజామున గుండెలో పిట్టలా కొట్టుకునే భయం కూడా ఆయన నుంచే వచ్చింది. ఆ మాట రుతెండోతో దాచకుండా చెప్పాడు. చెప్పడమే తప్పయింది. సీసాలోనే పిచ్చి బయటపడిందట అని ఊరు చెవులు కొరుక్కుంది. పిచ్చివాణ్ణి గడప తొక్కనివ్వం అన్నారు ఆ వంశపు పెద్ద, ముసలి గ్వాటిద్జో కొడుకులు.

అప్పటికే గ్వాటిద్జోకు ఊపిరి అందడం లేదు. ఇంటి కంచె అవతల నిలబడ్డ చెంజెరాయితో ఒకటే మాట అన్నాడు.

"నా కోటు నువ్వే తొడుక్కోవాలిరా."

"తొడుక్కుంటాలే. ముందు ఆ చంకలో చిరుగు కుట్టించు, పిసినారోడా."

గ్వాటిద్జో పోయిన ఉదయం పొగమంచు దట్టంగా దిగింది. రాతికొండలు నేలను వదిలి తేలుతున్నట్టున్నాయి. డప్పుల మోత ఎక్కడో నీళ్లకింద నుంచి వస్తున్నట్టుంది. వాకిట్లో ఎవరికీ ఏడుపు రావడం లేదు. గ్వాటిద్జో భార్య ముసలామె మాత్రం అతని కోటు ఒళ్లో పెట్టుకుని, ఇదెవరు తొడుక్కుంటారని వచ్చినవాళ్లనల్లా అడుగుతోంది. రెండో విడత పనిమీద వచ్చిన రుతెండోనూ అడిగింది. కంచె అవతల మంచులో చెంజెరాయి నీడలా నిలబడి ఉన్నాడు. రుతెండో అటు చూసింది, కోటు చూసింది. ఆ దిగువ ఊళ్లో తను చూసింది పిచ్చి కాదు, ఏడ్చేవాళ్లను నవ్వించే పని అని అప్పుడు అర్థమైంది. పెద్దకొడుకు దగ్గరికి వెళ్లి, చెంజెరాయికి ఏ పిచ్చీ లేదని, తెలియక తానే తప్పు రాశానని అందరూ వినేలా చెప్పింది. పెద్దకొడుకు తల దించుకుని పక్కకు జరిగాడు. ముసలామె లేచి కోటును కంచె మీదుగా అందించింది.

చెంజెరాయి కోటు తొడుక్కుని, గ్వాటిద్జోలా రొప్పుతూ లోపలికొచ్చాడు. కూరలో మళ్లీ ఉప్పు మరిచావని ముసలామె మీద విసుక్కున్నాడు. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వులోంచే ఏడుపు కట్ట తెగింది. వాకిలంతా కరిగింది.

వెళ్లిపోయే రోజు రుతెండో సీసా పట్టుకుని అతని ఇంటికొచ్చింది.

"తాతా, ఆ భయం ఇంకా ఉందా?"

"ఎక్కడికి పోతుందే? నాన్న ఇచ్చింది." అతను సీసా అందుకున్నాడు. "ఈసారి నవ్వుతూ ఉమ్ముతానమ్మా. అదీ నాన్న ఇచ్చిందే. దొరుకుతుందేమో చూడు."