డెమో క్లాసులో పది నిమిషాల బ్రేక్

చలపతిరావు గారిని మీరు కలిసి తీరాలి. అమీర్‌పేటలో పని లేకపోతే ఏదో ఒక పని కల్పించుకుని అయినా వెళ్లండి. మైత్రీవనం వెనక సందులో, కింద జ్యూస్ షాపు, పైన అంతస్తుల నిండా కోచింగ్ సెంటర్లు ఉన్న బిల్డింగులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో ఆయన ఇరవై రెండేళ్లుగా డేటాబేస్ పాఠాలు చెబుతున్నారు. వయసు యాభై తొమ్మిది. ఊరు తెనాలి దగ్గర, ఇల్లు శ్రీనగర్ కాలనీ. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లకు బోలెడు ఉద్యోగాలు వచ్చాయి. ఆయనకు మాత్రం ఎప్పుడూ ఉద్యోగం లేదు, బ్యాచ్‌లే. పొద్దున ఏడింటి బ్యాచ్ అప్పట్లో ఆయనది. నేను అందులో రెండుసార్లు కూర్చున్నాను. మొదటిసారి అర్థం కాలేదు, రెండోసారి అర్థమవుతోందని మానలేదు.

ముందు డెమో క్లాసంటే ఏమిటో చెప్పాలి. కొత్త బ్యాచ్ మొదలయ్యే రోజు క్లాసు ఉచితం. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. రెండు గంటలు విని, సార్ నచ్చితే చేరతారు. ఆ రెండు గంటల్లో బ్రేక్ ఉండదు. ఇస్తే పిల్లలు మెట్లు దిగుతారు. మెట్ల మీద పక్క సెంటర్ల పాంప్లెట్లు పంచేవాళ్లు నిలబడి ఉంటారు. ఒక అంతస్తు దిగేలోపు చేతిలో మూడు కాగితాలు, రోడ్డు మీదికి వచ్చేలోపు ఎదుటి బిల్డింగులో సీటు. డెమోలో బ్రేక్ ఇచ్చి బ్యాచ్ నిలబెట్టుకున్న సార్‌ని తన జన్మలో చూడలేదని సెంటర్ ఓనరు చక్రపాణి అంటుంటాడు. నలభై మంది చేరకపోతే అతను బ్యాచే మొదలుపెట్టడు.

అందుకని చలపతిరావు గారు క్లాసుకి ముందు నీళ్లు తాగేవారు కాదు. మొదట్లో గంట ముందు మానేసేవారు. యాభై ఆరో ఏడు వచ్చాక క్లాసు మధ్యలో ఒంటేలుకి వెళ్లాలనిపించడం మొదలైంది. ఆయన రెండు గంటల ముందు మానేశారు. తర్వాత మూడు గంటల ముందు. చివరికి ముందు రోజు రాత్రి భోజనం మొదలు క్లాసు అయ్యేదాకా చుక్క ముట్టేవారు కాదు. వయసు మీద పడి క్రమశిక్షణ తగ్గిందనుకున్నారట. శరీరం ఏదో చెబుతోందని ఆయనకు తట్టలేదు. పాఠం మధ్యలో చెయ్యెత్తే స్టూడెంట్‌ని చూసినట్టు చూసి, చివర్లో అడుగు అన్నారు.

మూడేళ్లకు మంట, చలిజ్వరం వచ్చాయి. నీళ్లు తాగక ఇన్ఫెక్షన్ అయిందన్నారు. అది తగ్గాక కూడా పీఎస్‌ఏ అనే రక్తపరీక్షలో నాలుగు లోపు ఉండాల్సిన అంకె ముప్పై ఒకటి వచ్చింది. స్కానింగు, బయాప్సీ అయ్యాయి. ప్రోస్టేట్ క్యాన్సర్. బయటికి పాకలేదు, నయం చేసుకోవచ్చు అన్నాడు డాక్టరు. మూడు నెలలకో హార్మోన్ ఇంజెక్షన్, ఇరవై ఎనిమిది రోజుల రేడియేషన్. ఏమైనా అడగాలా అంటే, చలపతిరావు గారు కొత్త బ్యాచ్ ఎప్పుడు మొదలుపెట్టుకోవచ్చని అడిగారు. ఆయన భార్య హైమవతి గారు డాక్టరుకి క్షమాపణ చెప్పారు.

ఏడింటి బ్యాచ్‌ని ఆయన పాత స్టూడెంటే, భార్గవ్, తీసుకున్నాడు. అమీర్‌పేటలో బ్యాచ్ ఎవరు నిలబడి చెబితే వాళ్లది. నాలుగు నెలలు తిరిగేసరికి బిల్డింగు మీద ఫ్లెక్సీలో భార్గవ్ ఫొటో వచ్చింది. పాతదాని మీదే అంటించడంతో ఒక పక్క చలపతిరావు గారి చెవి కనిపించేది. చక్రపాణి మాత్రం మాట ఇచ్చాడు. తిరిగి వచ్చాక ఒక డెమో ఇస్తానని, నలభై మంది చేరితే ఏడింటి టైము ఆయనదేనని, చేరకపోతే ఇక ఆ టైము, హాలు భార్గవ్‌వేనని.

రేడియేషన్ పంజాగుట్టలో ఒక ఆసుపత్రి బేస్‌మెంట్‌లో. అక్కడ పద్ధతి ఏమిటంటే, ముందు ఖాళీ చేసుకుని రావాలి, తర్వాత అర లీటరు నీళ్లు తాగాలి, ముప్పావుగంట ఆపుకుని అప్పుడు మెషీన్ కింద పడుకోవాలి. నీళ్లు తాగకుండా బతుకు నెట్టుకొచ్చిన మనిషిని కూర్చోబెట్టి సీసాలు సీసాలు తాగించారు. వరసగా కుర్చీల్లో ఆరేడుగురు మగవాళ్లు, అందరూ నిండుగా, ఎవరూ కదలకుండా. పక్క కుర్చీలో ఐలయ్య. యూసుఫ్‌గూడలో ఉంటాడు, ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు.

పదకొండో రోజు మెషీన్ ఆగిపోయింది. అరగంట పడుతుందన్నారు. అప్పటికే అందరూ నిండి ఉన్నారు. వెళ్లి వస్తే మళ్లీ తాగాలి, మళ్లీ ఆగాలి, వరసలో చివరికి పోవాలి. చలపతిరావు గారు ఎదురుగా గోడ మీది గడియారాన్ని చూస్తూ కూర్చున్నారు.

“ఏం సార్, చెమటలు పడుతున్నయి,” అన్నాడు ఐలయ్య.

“నేనెప్పుడూ క్లాసు మధ్యలో బయటికి వెళ్లలేదండి. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా.”

“నేను సుత బస్సు ఆపలే సార్, ముప్పై ఏండ్లు. ప్యాసింజర్లు ఏమనుకుంటరోనని. ఇప్పుడు చూడు, ఇద్దరం ఒక్కతాన్నే కూసున్నం.” లేచాడు. “నేనైతే పోతున్న. మళ్ల తాగుత. గిందుల షరమేంది?”

చలపతిరావు గారు ఆగారు. మెషీన్ నలభై ఐదు నిమిషాలకు బాగైంది. ఆయనకు నలభై నిమిషాలకే ప్యాంటు మార్చుకోవాల్సి వచ్చింది. ఆ రోజు ఇద్దరికీ వరసలో చివరి నంబర్లే వచ్చాయి. ఐలయ్య ముందు, ఈయన తర్వాత.

హార్మోన్ ఇంజెక్షన్ల సంగతి వేరు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే మెడ నుంచి తల దాకా భగ్గుమనేది. డిసెంబర్‌లో ఫ్యాన్ ఐదులో పెట్టమనేవారు. ఊరికే కళ్లలో నీళ్లు వచ్చేవి, ఒకసారి వాతావరణ వార్తలకు కూడా. హైమవతి గారు దుప్పటి కప్పుకుని అంతా చూశారు.

“నాకు నలభై తొమ్మిదో ఏట నెలసరి ఆగి ఇలాగే మొదలైతే మీరేమన్నారో గుర్తుందా?”

“ఏమన్నాను?”

“కిటికీ తీసుకో అన్నారు.”

ఆయన లేచి కిటికీ తీసుకున్నారు.

రేడియేషన్ అయిపోయాక అలసట నెలన్నరకు తగ్గింది. ఆపుకోలేకపోవడం తగ్గలేదు. అనిపించిన రెండు నిమిషాల్లో వెళ్లాల్సిందే. ఫిజియోథెరపిస్టు రోజుకి మూడుసార్లు కింది కండరాలు బిగించి వదిలే ఎక్సర్‌సైజు నేర్పింది. ఒకసారికీ మరోసారికీ మధ్య వ్యవధిని వారానికి కొంచెం కొంచెంగా పెంచుకోమంది, నీళ్లు మాత్రం మానొద్దంది. చలపతిరావు గారికి ఇది నచ్చింది. సిలబస్ ఉంది, పరీక్ష ఉంది. మొదటి వారం ఇరవై నిమిషాలు. పొద్దున్నే శ్రీనగర్ కాలనీ వీధుల్లో నడక, ఇంటి నుంచి పది నిమిషాల దూరం వెళ్లి వెనక్కి. తర్వాత పదిహేను నిమిషాల దూరం. ఆ నడక పెరుగుతుంటే ఒళ్లు కూడా కుదురుకుంది, తిండి సయించింది. నాలుగో నెలకి వ్యవధి గంట దాటింది. మంచి రోజైతే డెబ్బై నిమిషాలు. అక్కడ ఆగిపోయింది. పీఎస్‌ఏ సున్నా పాయింట్ ఒకటికి దిగింది. డాక్టరు సంతోషించాడు. చలపతిరావు గారికి కావాల్సిన అంకె అది కాదు. డెమో నూట ఇరవై నిమిషాలు.

హైమవతి గారు తడి పీల్చుకునే ప్యాడ్ తెచ్చారు. ఆయన ఇంట్లోనే ఒక ఆదివారం ప్యాడ్ పెట్టుకుని, గోడకి ఎదురుగా నిలబడి రెండు గంటల పాఠం చెప్పి చూశారు. ప్యాడ్ చుక్కలకు పనికొస్తుంది, అంతకు మించి కాదని తేలింది. ఆవిడ నేల తుడిచారు. పాఠం బాగుందన్నారు.

డెమో జూన్‌లో, సోమవారం. పాత స్టూడెంట్‌నని నేనూ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. రెండో అంతస్తు పెద్ద హాల్లో డెబ్బై ఒక్క మంది. గుమ్మం దగ్గర చక్రపాణి. సార్ సన్నబడ్డారు, గొంతు మాత్రం పాతదే. ఇద్దరు కాలేజీ క్లర్కులు ఒకే స్టూడెంట్‌ని వేర్వేరు పేర్లతో రాసుకుంటే ఏమవుతుందో చెబుతున్నారు. హాలు నవ్వుతోంది. నా పక్కన కూర్చున్న అమ్మాయి, చేరిపోదామని స్నేహితురాలికి మెసేజ్ కూడా పెట్టింది.

యాభై ఎనిమిదో నిమిషంలో వాక్యం మధ్యలో ఆగారు. మార్కర్‌కి మూత పెట్టారు.

“నాకు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిందండి. వైద్యం అయింది, బాగున్నాను. కాకపోతే గంటకు మించి ఒంటేలు ఆపుకోలేను. టాయిలెట్ నాలుగో అంతస్తులో ఉంది. పది నిమిషాలు బ్రేక్.”

చెప్పి, అందరికంటే ముందు ఆయనే వెళ్లిపోయారు. చక్రపాణి గోడకి చేరగిలబడ్డాడు. తర్వాత ఒకరు లేచారు, ఆ వెనకే బెంచీలు జరిగిన చప్పుడు, మెట్ల మీద చెప్పుల చప్పుడు, కింద నుంచి పాంప్లెట్లవాళ్ల గొంతులు. నా పక్కన అమ్మాయి కూడా వెళ్లింది.

ఆయన తొమ్మిదో నిమిషానికి తిరిగి వచ్చారు. పదో నిమిషం దాకా ఆగి హాలు లెక్కపెట్టారు. ముప్పై మూడు. మూత తీసి, ఆగిన వాక్యాన్ని ఆగిన మాట నుంచే పూర్తి చేశారు. రెండో గంట మొదటి గంటంత బాగా చెప్పారు. ఆ అమ్మాయి రాలేదు.

క్లాసు అయ్యాక ముగ్గురు అబ్బాయిలు డౌట్లని బల్ల దగ్గర ఆగారు. ఒక్కరిదీ డేటాబేస్ గురించి కాదు. మా నాన్నకీ ఇలాగే ఉంటుంది సార్, ఎవరికీ చెప్పడు, ఏ డాక్టరుకి చూపించాలి అని. ఆయన ముగ్గురికీ ఏ పరీక్ష చేయించాలో బోర్డు మీద రాశారు.

తర్వాత చక్రపాణి వచ్చాడు.

“గట్ల చెప్పేస్తరా సార్? ఎవరుంటరు చెప్పండి?”

“ముప్పై మూడు మంది ఉన్నారు.”

“నలభై అన్న కద. మాట మాటే. ఏడింటి టైము, హాలు భార్గవ్‌కే. కానీ ముప్పై మూడు మందిని మెట్లు దింపే పిచ్చోన్ని కాదు నేను. ఎనిమిదిన్నరకు నాలుగో అంతస్తుల చిన్న రూమ్ ఉంది. వాసనొస్తదని ఎవరూ తీసుకోరు. పక్కనే టాయిలెట్.”

చలపతిరావు గారు వెంటనే ఒప్పుకున్నారు. అవమానంగా అనిపించాలని చక్రపాణి ఆ రూమ్ ఇచ్చాడో లేదో నాకు తెలియదు. ఆయనకు మాత్రం అనిపించలేదు. బాధ అనిపించింది ఏడింటి టైము పోయినందుకు. అది ఆయన ఎవరితోనూ అనలేదు, ఇంటికి వెళ్లి హైమవతి గారితో తప్ప.

ఆవిడ అంతా విని ఒక్కటే అడిగారు.

“వాళ్లకేదో ఒక లెక్క ఇచ్చి, పది నిమిషాల్లో చేయండి అని కూర్చోబెట్టి, మీరు వెళ్లి రావచ్చు కదండీ? ఎవరూ మెట్లు దిగేవాళ్లు కాదుగా?”

“తట్టలేదు,” అన్నారట ఆయన.

ఇరవై రెండేళ్లలో ఆయన క్లాసులో కొన్ని వేల లెక్కలు ఇచ్చి ఉంటారు. ఇప్పుడు తట్టింది కదా, వచ్చే డెమోలో అలాగే చేస్తారా అని మొన్న నేను అడిగాను. చేయవచ్చు, నలభై దాటవచ్చు, ఏడింటి టైము వెనక్కి రావచ్చు అన్నారు. కానీ లెక్క ఇచ్చి ఉంటే ఆ ముగ్గురు బల్ల దగ్గర ఆగేవాళ్లు కాదు కదా అన్నారు. ఆ ముగ్గురిలో ఒకరి నాన్నకి బయాప్సీ అయింది. కొత్త డెమో వచ్చే నెల ఐదున. ఏం చేయాలో ఆయన ఇంకా తేల్చుకోలేదు. హాలు నిండా జనం, యాభై ఎనిమిదో నిమిషం, చేతిలో మార్కర్. మీరైతే ఏం చేసేవారు?